వెయ్యేళ్ల కిందటి గుండుసూదులు, మా తాత తుమ్మముల్లు

నా పుస్తెలతాడుకు ఎప్పుడు చూసినా నాలుగైదు పిన్నీసులు వేలాడుతూ ఉంటాయి. హన్మకొండలో 26 ఏళ్లుగా మిషన్ కుడుతున్నాను. పదేళ్ల నుంచి పెళ్లికూతుళ్లకు చీరలు కట్టించే పని కూడా పెట్టుకున్నాను. ఎవరి కొంగు ఎప్పుడు జారుతుందో, ఎవరి జాకెట్ హుక్కు ఎప్పుడు తెగుతుందో తెలియదు. పెట్టె తెరిచి వెతికేలోపు ఫొటోగ్రాఫర్ అరుస్తుంటాడు. అందుకే అన్నీ మెడలోనే. పుస్తెలకు ఇనుము తగలొద్దని మా అత్తమ్మ బతికున్నన్నాళ్లూ సణిగేది. ఆమె పెట్టె తాళంచెవి ఏ తాడుకు కట్టుకుందని నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

బిడ్డ కాన్పుకని ఇంగ్లండ్ పోయేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆ పిన్నీసులే మోగాయి. చెకింగ్ చేసే అమ్మాయి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి, "ఆంటీ, మా అమ్మకు ఏడుంటయి" అని నవ్వి పంపించింది.

మా బిడ్డా అల్లుడూ ఉండేది సౌతాంప్టన్‌లో. ఆరు నెలలున్నాను. చలి, వాన, పసిపిల్లవాడు. ఊరు దాటింది తక్కువే. ఒక ఆదివారం అల్లుడు లండన్ తీసుకుపోయాడు. కోహినూర్ చూపిస్తానన్నాడు. ఓరుగల్లు మనిషి లండన్ పోయి కోహినూర్ చూడకుండా వస్తే ఊళ్లో ఏమంటారు! కానీ టికెట్ ధర విన్నాక, మనదని చెప్పుకునే దాన్ని చూడడానికి మనమే పైసలు కట్టడమేంటని నాకు ఒప్పలేదు. బ్రిటిష్ మ్యూజియం ఉచితమట, అక్కడికే పోయాం. అమరావతి రాళ్లు చూశాం. తిరిగి తిరిగి కాళ్లు లాగుతుంటే 41వ నంబరు గదిలోకి వచ్చిపడ్డాం. బంగారం, కత్తులు, రాజుగారి ఇనుప టోపీ. జనమంతా ఆ టోపీ దగ్గరే. నేను మాత్రం ఒక అద్దం ముందు ఆగిపోయాను. అక్కడున్నవి పిన్నులు.

మూడు పిన్నులు, ఒకదానికొకటి చిన్న బిళ్లలతో కలిపి ఉన్నాయి. వెండి మీద బంగారు పూత. ఒక్కో పిన్ను తల పెద్ద నాణెమంత పలుచటి బిళ్ల. దాని మీద ఒకదాన్నొకటి అల్లుకున్న జంతువులు, రెక్కలు, తోకలు. అల్లుడు పక్కనున్న చీటీ చదివి చెప్పాడు. లింకన్‌షైర్‌లో విథమ్ అనే నదిలో 1826లో దొరికాయట. 8వ శతాబ్దపు పని. ఆంగ్లో-సాక్సన్లు అంటే ఇంగ్లీషువాళ్ల పూర్వీకులని, జర్మనీ, డెన్మార్క్ వైపు నుంచి 5వ శతాబ్దంలో పడవలెక్కి వచ్చినవాళ్లని కూడా చెప్పాడు. నేను పదో తరగతి చదివినదాన్ని. చరిత్రలో నాకు గుర్తున్నది రుద్రమదేవి ఒక్కతే. అయినా పిన్ను దగ్గర నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు అనిపించింది.

ఎందుకంటే చూడగానే నాకొచ్చిన అనుమానం అందం గురించి కాదు. అంత బరువు తల ఉన్న పిన్నును ఏ బట్టకు గుచ్చారు? మన జార్జెట్‌కు గుచ్చితే తల కిందికి వాలి, మొన పైకి లేచి, బట్టకు పెద్ద రంధ్రం పడుతుంది. పట్టుకు గుచ్చితే ఇక చెప్పొద్దు. కచ్చితంగా దళసరి ఉన్ని అయి ఉండాలి, అదీ రెండు మూడు మడతలు. ఇంకోటి, మూడింటినీ ఎందుకు కలిపారు? అల్లుడు "అలంకారం అత్తమ్మా" అన్నాడు. అలంకారం సరే. కానీ రెండు పిన్నులను గొలుసుతో కలిపితే ఒకటి జారినా రెండోది పట్టి ఉంచుతుంది, కింద పడి పోదు. మా దగ్గర పాపిడిబిళ్లకు వెనకాల గొలుసు వేసి కొక్కెం జుట్టుకు తగిలించేది కూడా అందుకే. పని తెలిసినవాడు చేసిన సొగసులో ఎక్కడో ఒకచోట అవసరం దాక్కుని ఉంటుంది.

ఆ రాత్రి నుంచి నాకు కొత్త పిచ్చి పట్టుకుంది. మనవడు రాత్రి ఒంటిగంటకు లేచేవాడు, మూడింటిదాకా భుజం దించనిచ్చేవాడు కాదు. ఒక చేత్తో వాణ్ణి జోకొడుతూ రెండో చేత్తో బిడ్డ ఫోనులో పిన్నుల ఫొటోలు చూసేదాన్ని. ఇంగ్లండ్‌లో పొలాల్లో లోహం వెతికే యంత్రాలతో తిరిగేవాళ్లు చాలామంది. వాళ్లకు దొరికిన పాత వస్తువులను ఫొటో తీసి, కొలతలు రాసి, ఎవరైనా చూసేలా ఉంచే ప్రభుత్వ పథకం ఒకటి 1997 నుంచి నడుస్తోంది. అందులో ఈ కాలపు పిన్నులు ఎన్నున్నాయో! ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. పొద్దున బిడ్డ టీ తాగుతూ మిగతా సగం చెప్పేది. "అమ్మా, నీ మనవడి కన్నా ఆ పిన్నులనే ఎక్కువ చూస్తున్నవ్" అనేది.

అవి విథమ్ నదిలో దొరికినంత గొప్పవి కావు. రాగిలో తగరమో, జింకో కలిపిన మామూలు లోహం. రెండు రెండున్నర అంగుళాల పొడవు. మెడలో వేసుకునే సొగసు కాదు, రోజూ వాడుకునే వస్తువు. నాకు నచ్చింది ఇవే. తలలు రకరకాలు. కొన్నిటికి గుండ్రటి గోళీలాంటి తల. మన గుండుసూది అచ్చంగా అదే కదా! మన భాషలో ఆ వస్తువుకు పేరు పెట్టినవాళ్లు తలను చూసే పెట్టారు. ఇంకొన్నిటికి పలకల తల. చిన్న ఘనాన్ని తీసుకుని మూలలన్నీ చెక్కేస్తే ఎట్లుంటుందో అట్లా. ఆ పలకల మీద సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టినట్టు ముద్రలు. తల కింద మెడకు ఒక పట్టీ. పాత ఇంగ్లీషులో పిన్నును ప్రేయోన్ అనేవారట. స్కాట్లండ్‌లో ఇప్పటికీ ప్రీన్ అంటారని బిడ్డతో పనిచేసే ఒక నర్సు చెప్పింది.

వీటిల్లో చాలావాటికి కాడ అంతా ఒకే లావు ఉండదు. మధ్య దాటాక మొన వైపు కొంచెం ఉబ్బి, మళ్లీ సన్నబడుతుంది. మొదట చేసినవాడి చేతికి పని రాలేదేమో అనుకున్నాను. ఒకటీ రెండూ అయితే అట్లనే అనుకోవచ్చు, వరసగా అన్నిటికీ ఉంటే? ఇది కావాలని పెట్టిందే. పిన్ను బట్టలో దిగేటప్పుడు ఆ ఉబ్బు దారాలను పక్కకు తోసుకుంటూ పోతుంది. దాటాక దారాలు మళ్లీ దగ్గరికొచ్చేస్తాయి. ఇక అది ఊరికే వెనక్కి జారదు. చేప గాలానికి ముల్లున్నట్టు. మన పిన్నీసుకు మూతి ఉంటుంది, మూసేస్తే భయం లేదు. మూతి లేని పిన్నుకు ఆ ఉబ్బే మూత. పైన తల, కింద ఉబ్బు, మధ్యలో ముడత పడిన బట్ట. బట్టలోంచి రెండుసార్లు బయటికి తీసి గుచ్చితే ఆ ముడత బలానికే నిలబడుతుంది. అయితే ఇదంతా వదులు నేత ఉన్నికి, మోటు నారబట్టకే పనికొస్తుంది. బిగువు నేతలో ఉబ్బు దిగితే దారం తెగుతుంది.

పిల్లవాణ్ణి తోపుడుబండిలో పెట్టుకుని నేను రోజూ తిరిగిన వీధుల కింద అప్పటి ఊరే ఉందని తెలిసినరోజు ఒళ్లు జలదరించింది. హామ్విక్ దాని పేరు. ఇచెన్ నది ఒడ్డున 8వ శతాబ్దంలో పెద్ద వ్యాపార పట్టణం. పడవల్లో సరుకు దిగేది, లోహం కరిగించేవాళ్లు, ఎముకలతో దువ్వెనలు చేసేవాళ్లు ఉండేవాళ్లు. తవ్వినచోటల్లా చెత్త గుంతలు, ఆ గుంతల్లో పిన్నులు. అక్కడి ఫుట్‌బాల్ స్టేడియం కట్టేటప్పుడు దాని కింద కూడా ఆ కాలపు సమాధులు బయటపడ్డాయి. లింకన్‌షైర్‌లో ఫ్లిక్స్‌బరో అనే చోట 1989 నుంచి 1991 దాకా తవ్వితే పిన్నులు వందల్లో వచ్చాయి.

ఇన్ని పిన్నులు ఎందుకు దొరికాయి? పోగొట్టుకున్నారు కాబట్టి. నా షాపు ఊడిస్తే వారానికి గుప్పెడు పిన్నులు వస్తాయి, అయస్కాంతం ముక్క పెట్టుకుని ఏరుకుంటాను. వాళ్ల రాగి పిన్నులకు అయస్కాంతం కూడా పనిచేయదు పాపం. గడ్డి పరిచిన నేల మీద పడితే పోయినట్టే. ఈ మధ్య మన భద్రకాళి చెరువు నీళ్లు వదిలేసి పూడిక తీశారు కదా. లారీలకు లారీలు నల్లటి మట్టి పోతుంటే కట్ట మీద నిలబడి చూశాను. అందరూ నిధులేమైనా బయటపడతాయా అని మాట్లాడుకుంటున్నారు. నేనేమో అందులో ఎంతమంది ఆడవాళ్ల జడపిన్నులు, పిన్నీసులు ఉండి ఉంటాయా అని చూస్తున్నాను. చెప్తే నవ్వుతారని చెప్పలేదు.

పోయినవి కాకుండా, పెట్టినచోట పెట్టినట్టు దొరికిన పిన్నులు కూడా ఉన్నాయి. అవి అంతకుముందు కాలానివి, సమాధుల్లోవి. 5, 6 శతాబ్దాల్లో అక్కడి ఆడవాళ్లు రెండు భుజాల మీద రెండు బ్రోచ్‌లు, అంటే వెనక సూది ఉన్న నగలు, పెట్టి పై బట్టను నిలబెట్టుకునేవాళ్లు. ఆ బ్రోచ్‌ల వెనక స్ప్రింగ్, కొక్కెం రెండూ ఉంటాయి. అంటే మూసుకునే పిన్ను సంగతి వాళ్లకు తెలుసు. అయినా 7వ శతాబ్దానికి భుజాల బ్రోచ్‌లు పోయి, మెడ దగ్గర సన్నటి పిన్నుల జంట, వాటి మధ్య గొలుసు వచ్చాయి. క్రైస్తవం వచ్చిన కాలం అది. దక్షిణ యూరప్ వైపు నుంచి కొత్త కట్టు వచ్చింది, తల మీద ముసుగు వచ్చింది. బట్ట మారితే పిన్ను మారుతుంది. మా షాపులోనూ అంతే. కాటన్ చీరల కాలంలో పెద్ద పిన్నీసులు డజన్లకొద్దీ కొనేదాన్ని, ఇప్పుడు ఆర్గంజా వచ్చాక సన్న పిన్నులు తప్ప వేరేవి ముట్టడం లేదు.

కేంబ్రిడ్జ్ పక్కన ట్రంపింగ్టన్‌లో 2011లో ఒక సమాధి తవ్వారు. పదహారేళ్లకు అటూఇటూ వయసున్న పిల్ల. మంచం మీద పడుకోబెట్టి, ఆ మంచంతోనే పూడ్చారు. మెడ దగ్గర గోమేధికాలు పొదిగిన బంగారు పిన్నులు రెండు, గొలుసుతో. ఎదమీద బంగారు శిలువ. ఆ శిలువ వెనక బట్టకు కుట్టడానికి చిన్న చెవులున్నాయి. గొలుసుకు వేలాడే శిలువ కాదది, జాకెట్‌కు మనం అద్దాలు కుట్టినట్టు బట్టకు కుట్టింది! ఎముకలు పరీక్ష చేసి, ఆ పిల్ల ఏడేళ్లు దాటాక ఆల్ప్స్ కొండల వైపు నుంచి ఇంగ్లండ్ వచ్చిందని 2023లో చెప్పారు. అంత దూరం నుంచి ఎందుకొచ్చిందో, ఎవరు తీసుకొచ్చారో. ఆఖరిసారి ఆ పిన్నులు పెట్టిన చేతులు ఎవరివో. చీర కట్టించేటప్పుడు పెళ్లికూతురు మెడ దగ్గర పిన్ను పెట్టాలంటే ఊపిరి బిగబట్టి పెడతాను, గుచ్చుకుంటుందేమోనని. ఆ సమాధి సంగతి చదివాక చాలారోజులు ఆ పనిలో ఆ పిల్లే గుర్తొచ్చేది.

తర్వాత చచ్చినవాళ్లతో వస్తువులు పూడ్చే అలవాటే పోయింది. దాంతో 8వ శతాబ్దపు పిన్నులు ఒంటి మీద ఏ చోట ఉండేవో చెప్పే సాక్ష్యం కూడా పోయింది. మిగిలింది చెత్త గుంతలే. ముసుగుకు పెట్టారని కొందరు, దుప్పటికని కొందరు, జుట్టుకని కొందరు అంటారు. నన్నడిగితే అన్నిటికీ. పిన్నీసు దేనికని మనల్ని అడిగితే ఏం చెప్తాం? కొంగుకు, లంగా బొందు దూర్చడానికి, పిల్లల దిష్టితాడుకు, చెప్పు తెగితే, కాల్లో ముల్లిరిగితే. ఎప్పుడు ఏది అవసరమైతే దానికి.

709లో చనిపోయిన ఆల్డ్‌హెల్మ్ అనే మతగురువు అప్పటి సన్యాసినుల మీద మండిపడ్డాడట. మామూలు ముసుగు మానేసి రంగు ముసుగులు వేస్తున్నారని, వాటికి చీలమండల దాకా వేలాడే రిబ్బన్లు కుట్టుకుంటున్నారని, ఇనుప కడ్డీ కాల్చి జుట్టు వంకీలు తిప్పుకుంటున్నారని. చదివి నవ్వాపుకోలేకపోయాను. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చుని ఇదేం జాకెట్ అనే పెద్దమనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

ఇప్పుడు మా తాత సంగతి చెప్పాలి. అసలు ఈ పోస్టు రాయడం మొదలుపెట్టింది ఆయన కోసమే.

మా తాతది పాలకుర్తి పక్క ఊరు. గొర్లు కాసేవాడు. వానకైనా చలికైనా నల్ల గొంగడే. మన నల్ల గొర్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి బిరుసు చేసే గొంగడి. కొత్తది అయితే నిలబెడితే నిలబడుతుంది. చినుకు పడితే దాన్ని మడిచి కొప్పెర చేసి నెత్తి మీద వేసుకునేవాడు. గాలికి ఎగరకుండా గదవ కింద రెండు అంచులూ దగ్గరికి లాగి తుమ్మముల్లు గుచ్చేవాడు. తెల్లగా, వేలెడు పొడుగు ముల్లు. రెండుసార్లు లోపలికీ బయటికీ తీసి గుచ్చేవాడు. నేను పట్నం నుంచి పిన్నీసు తీసుకుపోయి ఇస్తే, గొంగడికి పెట్టబోయి, అది మందానికి మూసుకోక వంకర పోయింది. "నీ పిన్నీసు బొమ్మలకు పెట్టుకో బిడ్డా" అని ముల్లే పెట్టుకున్నాడు.

బిడ్డ ఒకరోజు చదివి వినిపించింది. టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు 98వ సంవత్సరంలో జర్మన్ తెగల గురించి రాశాడట. వాళ్లందరికీ పైన ఒక దుప్పటే బట్ట అని, దాన్ని బ్రోచ్‌తో బిగిస్తారని, అది లేనివాళ్లు ముల్లు గుచ్చుకుంటారని. ఆ తెగల జాబితాలో ఆంగ్లుల పేరు కూడా ఉంది. తర్వాత ఇంగ్లండ్‌కు పేరిచ్చింది వాళ్లే. "అమ్మా, తాత!" అన్నది బిడ్డ. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. పిల్లవాడు ఏడ్చేదాకా.

మరి మన ఆడవాళ్లకు పిన్ను ఎందుకు లేదు? రామప్పకు పోయినప్పుడల్లా ఇప్పుడు నా చూపు బట్టల మీదే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. ఆ గుడి మీది ఆడ బొమ్మలకు, మదనికలకు, ఎన్ని నగలో, ఒకామెకు ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి, ఇంకొకామె కాల్లో ముల్లు తీయించుకుంటోంది. కానీ బట్ట నిలబడింది మాత్రం ముడి మీద, మడత మీద, మొలనూలు మీద. కుట్టని బట్టను దోపితే నిలుస్తుంది, చెక్కితే నిలుస్తుంది. నాట్లు వేసే ఆడవాళ్లు కొంగు నడుముకు చుట్టి చెక్కుకుంటే పొద్దంతా కదలదు. భుజం మీద కొంగు మడతలు మడతలుగా, కదలకుండా, ఇస్త్రీ పెట్టినట్టు ఉండాలనుకున్న రోజున మనకు పిన్నీసు కావాల్సి వచ్చింది.

ఆ పిన్నీసును అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన 1849లో పేటెంట్ చేయించాడు. 15 డాలర్ల అప్పు తీర్చడానికి తీగ వంచుతూ కూర్చుంటే తట్టిందట. 400 డాలర్లకు హక్కులు అమ్మేసుకున్నాడు. మంచి వస్తువే, నా అన్నం అదే పెడుతోంది. కానీ దానికో దోషం ఉంది. చివర స్ప్రింగ్ కోసం తీగను చుట్ట చుడతారు చూడండి, ఆ చుట్టలో బట్ట ఇరుక్కుంటుంది. మూడేళ్ల కింద ఒక పెళ్లిలో కంచిపట్టు కొంగు అట్లా ఇరుక్కుంటే, నేను వచ్చేలోపే ఎవరో లాగారు. జరీ పర్రున చిరిగింది. ఆ రోజు నా కూలి వదులుకున్నాను, పైనుంచి 3 వేలు ఇచ్చుకున్నాను, తిట్లు వేరే. అప్పటి నుంచి ప్రతి పిన్నీసుకూ ముందు ఒక చిన్న పూస ఎక్కిస్తాను. పూస చుట్ట దాకా పోయి అడ్డం నిలుస్తుంది, బట్ట అంతదూరం పోదు. తల కింద పట్టీ ఉన్న ఆ పాత పిన్నులను చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నా పూసలే.

తుప్పు కూడా అంతే. మరిచిపోయి పిన్నీసుతోనే ఉతికితే జాకెట్‌కు ఎర్ర మరక. నిమ్మకాయ పిండి, ఉప్పు రుద్ది ఎండలో పెట్టడం తప్ప మందు లేదు. ఆ మరకను నేను జీవితమంతా తిట్టుకున్నాను. అయితే ఇంగ్లండ్ మట్టిలో బట్ట అంతా కుళ్లిపోయినా, పిన్ను తుప్పులోనో చిలుములోనో అంటుకున్న చిటికెడు నేత మాత్రం గట్టిపడి మిగిలిందట. పెనెలొపీ వాల్టన్ రోజర్స్ అనే పరిశోధకురాలు ఇలాంటి అతుకులు చూసే అప్పటి బట్టల నేత, దారం పురి ఎటు తిప్పారో కూడా చెప్పింది. నేను నిమ్మకాయతో రుద్ది పారేసేదాన్ని ఆమె భూతద్దం కింద పెట్టి చదివింది.

తిరిగి వచ్చాక ఊరుకోలేదు. ఫోనులో ఫొటో పట్టుకుని పెంబర్తి పోయాను. ఇత్తడి పనికి పేరున్న ఊరు, జనగామ దగ్గర. తెలిసిన ఒక అన్న ఉన్నాడు, షీల్డులు, దేవుడి తొడుగులు చేస్తాడు. ఫొటో చూసి, "ఇంతదానికి ఇంగ్లండ్ పోయినవా అక్కా?" అన్నాడు. ఇత్తడి కడ్డీ ముక్క తీసుకుని కాల్చి, కొట్టి, మళ్లీ కాల్చి, ఆకురాయితో రుద్ది, పూటంతా కూర్చున్నాడు. "కొట్టిన కొద్దీ గట్టిపడుతది. మరీ కొడితే పటుక్కున ఇరుగుతది. ఎక్కడ ఆపాలన్నదే పని" అన్నాడు. గుండ్రటి తల బాగా కుదిరింది. ఉబ్బు దగ్గర మాత్రం చేతులు ఆగలేదు, అలవాటు కొద్దీ రుద్ది నున్నగా చేసేశాడు. నేను కాదంటే, "మంచిగున్నదాన్ని ఖరాబ్ చెయ్యమంటవేంది?" అని కోపం. రెండోసారి చేయించాను.

ఇంటికి తెచ్చి అన్నిటి మీదా పెట్టి చూశాను. పట్టు మీద వద్దు, ఒక పాత ముక్క మీద పెడితే దారం లాగేసింది. పోచంపల్లి కాటన్‌కు రంధ్రం పడింది, నీళ్లు చల్లి గోటితో గీస్తే పూడింది. కొత్తవాడ జంపఖానాకు దిగనే లేదు. ఉన్ని శాలువాకు బాగానే నిలిచింది. తాత గొంగడి ఒకటి మా అమ్మ దాచిపెట్టింది, అంచులు చెదలు తిన్నది. దాన్ని తీసి గుచ్చాను. వెన్నలో దిగినట్టు దిగింది. లాగితే రాలేదు. గొంగడి భుజాన వేసుకుని ఇంట్లో అటూఇటూ తిరిగాను, వంగాను, బావిలో నీళ్లు తోడినట్టు చేతులు ఆడించాను. మా ఆయన టీవీలోంచి తల తిప్పి చూసి మళ్లీ టీవీలోకి పోయాడు. పిన్ను తీశాక గొంగడి మీద గుచ్చిన జాడ కూడా లేదు. నున్నగా ఉన్న మొదటి పిన్ను అయితే పదిసార్లు వంగేసరికి జారి చప్పుడు లేకుండా చాప మీద పడింది.

చలికాలం రోజూ పొద్దున భద్రకాళి కట్ట మీద నడిచేటప్పుడు శాలువాకు ఆ ఉబ్బు పిన్నే పెట్టుకున్నాను. పదిహేను రోజులు నిలిచింది. పదహారో రోజు ఇంటికొచ్చి చూస్తే లేదు. వెనక్కిపోయి కట్ట పొడుగునా వెతికాను. దొరకలేదు. ఏడుపొచ్చినంత పనైంది, 400 రూపాయల వస్తువు అది.

మళ్లీ పెంబర్తి పోయాను. ఈసారి వేరే ఫొటో. యార్క్‌లో కాపర్‌గేట్ అనే వీధిలో 1976 నుంచి 1981 దాకా తవ్వినప్పుడు దొరికిన 10వ శతాబ్దపు పిన్నులు, లోహానివి కావు. పంది కాలిలోని సన్నటి ఎముకతో చేసినవి. ఆ ఎముక చివర సహజంగానే వెడల్పుగా ఉంటుంది, అదే తల. కష్టపడి గుండు చేయాల్సిన పనిలేదు. తిని పారేసిన ఎముకను నూరుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఆ తలకు ఒక రంధ్రం. దారం కట్టుకోవడానికేనని నేననుకుంటున్నాను. దారం ఇంకో కొస మొన చుట్టూ తిప్పి కట్టేస్తే పిన్ను ఎటూ పోదు.

అన్న ఫొటోను పెద్దది చేసి చూశాడు.

"ఇది ఏందక్కా, పందిదా?"

"నువ్వు ఇత్తడితోనే చెయ్యి అన్నా. తలకు బొక్క మాత్రం పెట్టు."

"మొదలే చెప్తే అయిపోవు గదా" అని కడ్డీ తీసుకున్నాడు.

ఇప్పుడు దానికి ఎర్ర దారం కట్టి వాడుతున్నాను. మొన్న కట్ట మీద నాతో నడిచే టీచరమ్మ అడిగింది, కొప్పుకు పెట్టుకోవాల్సింది భుజానికి పెట్టుకున్నావేంటని. చెప్పడం మొదలుపెట్టాను. గుడి దగ్గర మొదలుపెడితే కట్ట అవతలి కొసకు వచ్చేసరికి ఇంకా విథమ్ నది దగ్గరే ఉన్నాను. ఆమెకు స్కూలు టైమైంది. "మిగతాది రేపు చెప్పక్కా" అని స్కూటీ ఎక్కింది.